దేవదారు కాని దేవదారు – కప్పుకా? గోడకా?

ఇల్లు కట్టిచూడు, పెళ్ళి చేసిచూడు అన్నారు మన పెద్దలు. అమెరికాలోనూ కెనడాలోనూ స్థిరపడిన మన పిల్లలకు ఈ సామెతలో మొదటి సగం తప్పిపోయినట్లే కనబడుతుంది. వారిలో చాలామంది కట్టిన ఇల్లు కొంటారే గాని దగ్గరుండి కట్టించరు. అయితే కొన్న ఇల్లు పాతబడిన తరువాత పరీక్ష తప్పదు. కప్పు మార్చవలసి వస్తుంది. గోడల పైతొడుగు మార్చవలసి వస్తుంది. దేనితో మార్చాలన్న ప్రశ్న పుడుతుంది. పసిఫిక్ తీరాన వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలలోనూ, వాటికి ఉత్తరాననున్న బ్రిటిష్ కొలంబియాలోనూ ఈ ప్రశ్నకు తప్పక వినవచ్చే సమాధానాలలో ఒకటి సీడార్ షింగిల్. చూడముచ్చటగా ఉంటుంది, వాసన బాగుంటుంది, ప్రకృతిసిద్ధమైనది అన్న పేరున్నది. ఆ ముచ్చటలో పడి తొందరపడవద్దని చెప్పడానికే ఈ వ్యాసం.

తెలుగు పండితునికి ఇంటికప్పుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా అమ్మాయి కాపురం సియాటిల్ నగరానికి దగ్గరలో. నేను అక్కడ రెండు వానకాలాలు గడిపినప్పుడు వారి ఇంటికప్పు మార్చే చర్చ నా ఎదుటనే జరిగింది. దేనినైనా చదివి తెలుసుకొని నలుగురికీ బోధపడేటట్లు చెప్పడం బడిపంతులు ఉద్యోగం. ఉద్యోగ విరమణ అయినది గాని ఆ అలవాటుకు విరమణ లేదు. నా అభిప్రాయం ముందే చెప్పి కారణాలు తరువాత వివరిస్తాను. సీడార్ షింగిల్ గోడకు తగినది, కప్పుకు తగినది కాదు. కార్చిచ్చు భయమున్న ప్రాంతంలో గోడకు కూడా తగదు. ఎక్కడ వాడినా మొదటి రకమే వాడాలి. చవకరకం వాడడం కంటె మానుకోవడం మేలు.

మొదట పేరు సంగతి తేల్చుకొందాము. సీడార్ అనగానే మనకు తోచే మాట దేవదారు. తెలుగు బైబిలులో లెబానోను కొండలమీది చెట్టును దేవదారు అనే అనువదించారు. ఆ అనువాదం సబబైనదే. లెబనాను సీడారూ, మన హిమాలయ దేవదారూ ఒకే ప్రజాతికి చెందిన అన్నదమ్ములు. వృక్షశాస్త్రంలో ఆ రెండింటి ఇంటిపేరూ సీడ్రస్. కాని అమెరికాలో ఇళ్ళకు తొడిగే వెస్టర్న్ రెడ్ సీడార్ ఆ వంశానిది కాదు. దాని ఇంటిపేరు థూజా. దేవదారు పైన్ కుటుంబంలోనిది, ఇది సైప్రెస్ కుటుంబంలోనిది. వలస వచ్చిన ఐరోపావారు సువాసన గల ఈ కలపకు తాము ఎరిగిన పాతపేరే తగిలించారు. ఇది అసలు సీడార్ కాదని తెలియజేయడానికే వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది రెడ్, సీడార్ అనే రెండు పదాలనూ విడదీయకుండా ఒకే పదంగా వ్రాస్తారు. మన పరిభాషలో చెప్పాలంటే యోగార్థం పోయి రూఢ్యర్థం మిగిలిన మాట ఇది. కుక్కగొడుగు కుక్కదీ కాదు, గొడుగూ కాదు గదా! అందువల్ల దీనిని ఎర్రదేవదారు అని తెలుగు చేయడం సరికాదు. సీడార్ అనే ఉంచుతాను.

షింగిల్ అన్నదానికి మాత్రం మనకు మాట కావాలి. ఉత్త పెంకు అంటే మట్టిపెంకు స్ఫురిస్తుంది గనుక చెక్కపెంకు అంటాను. ఇందులో రెండు జాతులున్నాయి. రంపంతో కోసి, ఒక అంచు పలుచగా మరొక అంచు మందంగా తీసినది షింగిల్. దుంగను చారల వెంబడి చీల్చి తీసినది షేక్. మొదటిదానిని కోతపెంకు అనీ, రెండవదానిని చీలుపెంకు అనీ అనుకొందాము. ఇంతకంటె మంచి మాటలు మీకు తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

చెక్కపెంకు మన దేశానికి తెలియనిదేమీ కాదు. దక్షిణాదివారము తాటాకు, రెల్లు, గూనపెంకు, బెంగుళూరు పెంకు ఎరుగుదుము. హిమాలయ ప్రాంతంవారు మాత్రం అసలు దేవదారు చెక్కనే కప్పుగా వేసుకొనేవారు. మనాలిలో 1553లో కట్టిన హిడింబాదేవి ఆలయపు కప్పులో కింది అంతస్తులన్నీ చెక్కపలకలతో కప్పినవే. ఏ ప్రాంతంలో ఏది దొరికితే, అక్కడి ఎండకూ వానకూ ఏది ఓర్చుకొంటే, దానినే పూర్వులు నెత్తిమీద పెట్టుకొన్నారు. ఈ సూత్రం మనకు ముందుముందు పనికివస్తుంది.

ఇక వస్తువు దగ్గరికి వద్దాము. చెట్టు మొద్దును అడ్డంగా కోసి చూస్తే బయట లేతరంగు చెక్క, లోపల ముదురురంగు చేవ కనబడతాయి. సీడారుకు వచ్చిన పేరంతా చేవవల్ల వచ్చినదే. థూజాప్లిసిన్లు అనే పదార్థాలను చెట్టు తానే తయారుచేసి చేవలో నింపుకొంటుంది. చెక్కను కుళ్ళజేసే శిలీంధ్రాలను అవి అడ్డుకొంటాయి. బయటి చెక్కకు ఆ రక్షణ లేదు. కాబట్టి సీడార్ అని చెప్పి అమ్మినంతమాత్రాన చాలదు, చేవ ఎంత అని అడగాలి. రెండవది కోత తీరు. చెట్టు వయస్సు వలయాలు పెంకులో నిలువుచారలుగా వచ్చేటట్లు కోస్తే ఆ పెంకు తడిసినా ఆరినా నిటారుగా నిలుస్తుంది. వలయాలకు వాటంగా అడ్డదిడ్డంగా కోసినది దోనెలాగా వంగుతుంది, చీలుతుంది. మూడవది ముడులు. ముడి ఉన్నచోట పెంకు బలహీనం.

ఈ మూడింటినీ చూసే వాణిజ్యరకాలు ఏర్పరచారు. 1915లో ఏర్పడిన సీడార్ షేక్ అండ్ షింగిల్ బ్యూరో ప్రమాణాల ప్రకారం మొదటి రకం కట్టమీద నీలిరంగు చీటీ ఉంటుంది. అందులో పెంకు ఆసాంతం చేవ, నిలువుచార, ముడి లేనిది. రెండవ రకానికి ఎర్రచీటీ. అందులో అడ్డచారనూ, కొంత బయటిచెక్కనూ, పై భాగంలో ముడులనూ అనుమతిస్తారు. మూడవ రకానికి నల్లచీటీ. అది కొట్టాలకూ పాకలకూ ఉద్దేశించినది. పనివాడు ఇచ్చిన అంచనా కాగితంలో సీడార్ అని ఒక్క మాట వ్రాసి ఊరుకొంటే ఏ రంగు చీటీ అని నిలదీసి అడగండి. ధరలోని వ్యత్యాసానికి జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మంచి పెంకే దొరికినది అనుకొందాము. దానిని కప్పుమీద ఎందుకు వద్దంటున్నాను? మొదటి కారణం తడి. కప్పుమీద పెంకు మూడు పొరలుగా పడుతుంది. 16 అంగుళాల పెంకు వేస్తే కంటికి కనబడేది 5 అంగుళాలే, మిగిలినది పైవరుసల కింద దాగి ఉంటుంది. కప్పు వాలు అడ్డంగా 12 అంగుళాలకు కనీసం 3 అంగుళాలు లేవాలి. చీలుపెంకుకైతే 4 అంగుళాలు. ఇదంతా నీరు నిలువకుండా జారిపోవడానికి. పూర్వకాలంలో ఈ పెంకులను ఎడమెడంగా కొట్టిన బద్దెలమీద, అంటే మన వడ్రంగుల మాటలో రీపర్లమీద, పరచేవారు. కిందినుండి గాలి ఆడేది. పైన తడిసినది కింద ఆరేది. ఇప్పటి ఇళ్ళలో రీపర్లకు బదులు పలకలు సందు లేకుండా పరుస్తున్నారు. నడుమ గాలి ఆడే ఏర్పాటు ప్రత్యేకంగా చేయకపోతే పెంకు పైనా కిందా తడిగానే ఉండిపోతుంది. చేవ ఎంత ఉన్నా నిత్యం తడిసే చెక్క ఎంతకాలమని ఓర్చుకొంటుంది?

సియాటిల్ అంటే జడివానల ఊరని మనవారి భావన. లెక్క చూస్తే అక్కడ ఏడాదికి పడేది సుమారు 1000 మిల్లీమీటర్లు, మన విజయవాడలో పడేదానికి దాదాపు సమానం. తేడా పరిమాణంలో లేదు, పడే తీరులో ఉన్నది. మనకు కుండపోతగా కురిసి, మరునాడు ఎండ కాసి, పెంకులు పెళపెళలాడతాయి. అక్కడ ఏడాదిలో సుమారు 150 రోజులు సన్నని తుంపర. చలికాలంలో సూర్యదర్శనమే అపురూపం. చుట్టూ ఎత్తైన చెట్లు, వాటినుండి రాలే ఆకుసూదులు, వాటిమీద పెరిగే నాచు. కప్పుకు ఉత్తరపు వాలున నాచు పట్టినదంటే స్పంజిలాగా నీటిని పట్టి ఉంచుతుంది. ఏటేటా ఎవరో ఒకరు కప్పెక్కి మెల్లగా ఊడ్చి శుభ్రం చేయాలి. తొందరపడి యంత్రంతో నీటిధారను వేగంగా కొట్టిస్తే నాచుతోబాటు చెక్క పైపొర కూడా లేచిపోతుంది. ఈ సేవ అంతా చేస్తే సీడార్ కప్పు ముప్పై నలభై ఏళ్ళు ఉండవచ్చు. సేవ మానితే ఇరవై ఏళ్ళకే చేతులెత్తేస్తుంది. వారమంతా కొలువుతో సతమతమయ్యే మనవారిలో ఎందరు నిచ్చెన వేసుకొని కప్పెక్కగలరు?

రెండవ కారణం నిప్పు. ఇది మొదటిదానికంటె గట్టి కారణం. కొంపలంటుకోవడం అన్న పలుకుబడిని మనము ఇప్పుడు తొందరపాటును గూర్చి చెప్పడానికి వాడుతున్నాము గాని, అది తాటాకు ఇళ్ళ కాలంలో పుట్టిన మాట. వేసవిలో ఒక ఇంటి పొయ్యిలోని రవ్వ చూరు అంటుకొంటే, వడగాలికి ఆ మంట కప్పునుండి కప్పుకు దూకి పేటకు పేటే బుగ్గి అయ్యేది. ఏక ఇల్లు కాలడం వేరు, కొంపలు అంటుకోవడం వేరు. ఆ బహువచనంలోనే భయమంతా ఉన్నది.

అమెరికాలో సరిగ్గా ఆ బహువచనమే జరిగింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1923లో కార్చిచ్చు ఊరిలోకి దిగి సుమారు 600 ఇళ్ళను కాల్చింది. చెక్కపెంకు కప్పులు ఆ మంటకు మెట్లయ్యాయి. 1961 నవంబరులో లాస్ ఏంజలెస్‌లోని బెల్ ఎయిర్ ప్రాంతంలో 484 ఇళ్ళు కాలిపోయాయి. ఎండిన చెక్కపెంకు మండుతూ పైకి లేచి, కొండగాలిలో ఎగిరి, చాలా దూరాన మరొక చెక్కకప్పుమీద వాలేది. అక్కడి అగ్నిమాపక శాఖవారు దానిమీద చిత్రమే తీసి ప్రజలకు చూపించారు. అయినా ఆ నగరం కొత్త చెక్కకప్పులను నిషేధించడానికి 1989 దాకా పట్టింది. 1991 అక్టోబరులో ఓక్లండ్ కొండలమీద లేచిన మంటలో 25 మంది మరణించారు, సుమారు 3000 నివాసాలు పోయాయి. తాటాకు చేసే పనే సీడారూ చేస్తుంది. ఖరీదు ఎక్కువైనంతమాత్రాన నిప్పుకు దానిమీద గౌరవం పెరగదు.

దీనికి విరుగుడు లేదా అంటే ఉన్నది. అమెరికాలో కప్పులను నిప్పుకు ఓర్చే శక్తినిబట్టి ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించారు. మందు పట్టించని చెక్కపెంకుకు ఈ మూడింటిలోనూ చోటు లేదు. మందును ఒత్తిడితో లోపలికంటా ఎక్కిస్తే బి, సి తరగతులు వస్తాయి. కింద ప్రత్యేకమైన పొర పరిస్తే ఆ మొత్తానికి ఎ తరగతి కూడా ఇస్తారు. పైన చల్లే పూతమందుకూ, లోపలికి ఎక్కించిన మందుకూ హస్తిమశకాంతరం. ఎండకూ వానకూ పూత పోతుంది. అదే మామూలు తారుపెంకులలో అధికభాగం ఏ తంటా లేకుండానే ఎ తరగతిలో ఉన్నవి. కాలిఫోర్నియాలో నిప్పు ప్రమాదం అతి తీవ్రమని గుర్తించిన ప్రాంతాలలో ఎ తరగతి కప్పే ఉండాలని చట్టం. ఒకప్పుడు కొన్ని కాలనీల సంఘాలు అందం కోసం చెక్కకప్పే వేయాలని నిబంధన పెట్టేవి. అందరి ఇళ్ళూ ఒకేలాగా కనబడాలన్న కోరిక అందరి ఇళ్ళూ ఒకేసారి కాలడానికి దారితీస్తుందని తెలిసిన తరువాత చట్టమే వాటికి అడ్డుపడింది. చెక్కకప్పు అనగానే బీమా సంస్థలు వెనుకాడడమో, రుసుము పెంచడమో చేస్తున్నాయి. అది వారి లెక్కల భాష. మనము వినవలసిన భాషే.

2025 జనవరిలో లాస్ ఏంజలెస్ పరిసరాలలో రెండు పెద్ద కార్చిచ్చులు కలిసి 16,000కు పైగా కట్టడాలను నాశనం చేశాయి. వాటిలో చెక్కకప్పులు కాని ఇళ్ళూ ఎన్నో ఉన్నవి గదా అని ఒకరు ఆక్షేపించవచ్చు. నిజమే. రవ్వలు గాలి కన్నాలగుండా అటకలోకి దూరుతాయి, గోడ పక్కని పొదలోనూ కంచెలోనూ రాజుకొంటాయి. కప్పు ఒక్కటి మంచిదైతే ఇల్లు నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. కాని తలుపుకు గడియ పెట్టినా దొంగ కిటికీలోనుండి వచ్చాడు గనుక ఇక గడియే పెట్టనని అనడం తర్కం కాదు. పైగా అటువంటి చోట గోడకు సీడార్ తొడగడమంటే కిటికీ కూడా తెరిచి పెట్టడమే. అందుకే ఆ ప్రాంతంవారికి నా సలహా ఒక్కటే: కప్పుకూ వద్దు, గోడకూ వద్దు.

మా అల్లుడుగారు సీడార్ పక్షం. ఒక సాయంత్రం ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇక్కడ ప్రస్తావించాలి. "మామయ్యగారూ, తారుపెంకు పెట్రోలియం సరుకు. పాతికేళ్ళకో ముప్ఫయ్యేళ్ళకో పీకి చెత్తదిబ్బలో పోయవలసినదే. చెక్క మట్టిలో పుట్టింది, మట్టిలో కలుస్తుంది. ఎప్పుడూ ప్రకృతి ప్రకృతి అనే మీరు తారును వెనకేసుకొస్తారేమండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. నిప్పుకూ బూజుకూ మందులెక్కించిన చెక్క మట్టిలో కలిసే మామూలు చెక్క కాదు. సేవ చేసినా తారుకంటె ఏమంత ఎక్కువ కాలం ఉండని కప్పుకోసం మహావృక్షాలను కొట్టడం ప్రకృతిప్రేమ కాదు. తారు నచ్చకపోతే మంచి ఉక్కురేకు ఉన్నది. అది తారుకంటె ఎక్కువకాలం ఉంటుంది, నిప్పుకు రాజుకోదు, తీసిన తరువాత కరిగించి మళ్ళీ వాడవచ్చు. రేకుల ఇల్లు అంటే మనవారికి చిన్నచూపు. వేసవిలో ఉడికిపోయే రేకుల షెడ్డు గుర్తుకు వస్తుంది. మా అమ్మాయి కూడా మొదట "రేకులా నాన్నా!" అని మూతి విరిచింది. కింద పలకా, దాని అడుగున వేడిని ఆపే పొరా ఉన్న అక్కడి రేకుకప్పుకూ, మన రేకుల షెడ్డుకూ పోలిక లేదు. చివరకు కప్పుకు ఉక్కురేకు, వీధివైపు గోడకు సీడార్ అని వారిద్దరూ తేల్చుకొన్నారు.

గోడకు ఎందుకు ఒప్పుకొన్నానో చెబుతాను. గోడమీద నీరు నిలువదు, జారిపోతుంది. ఆకులు పేరుకోవు. చూరు కొంత కాపాడుతుంది. తడిసినది త్వరగా ఆరుతుంది. అదే 16 అంగుళాల పెంకును గోడమీద ఏడున్నర అంగుళాల దాకా కనబడేటట్లు వేయవచ్చు, అంటే రెండు పొరలు చాలు. కప్పుమీద రెండు గదుల మేర కప్పే చెక్క గోడమీద మూడు గదుల మేరకు వస్తుంది. ఆయుర్దాయమూ కప్పుమీదికంటె చాలా ఎక్కువ. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నాన్‌టకెట్ దీవిలో ఇళ్ళ గోడలు చాలావరకు సీడార్ తొడిగినవే. అక్కడ ఎక్కువగా వాడేది తూర్పుప్రాంతపు తెల్లసీడార్. అదీ థూజా వంశానిదే. రంగు వేయకుండా వదిలేస్తే ఉప్పుగాలికి కొన్నేళ్ళలో వెండిలాగా నెరుస్తుంది. ఆ నెరుపే దాని అందం. నెరిసిన జుట్టుకు రంగు వేయని నాబోటివాడికి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

గోడకైనా కొన్ని నియమాలున్నవి. పక్కపక్క పెంకుల నడుమ పావు అంగుళం సందు వదలాలి; తడికి ఉబ్బినప్పుడు ఒకదానినొకటి తోసుకోకుండా. కిందివరుస సందు, పైవరుస సందు ఒకే తీరున రాకూడదు; కనీసం ఒకటిన్నర అంగుళం ఎడం ఉండాలి. మామూలు వెడల్పు పెంకుకు రెండు మేకులు, అవీ పైవరుస కింద దాగేచోట. మామూలు ఇనుపమేకు వాడితే సీడారులోని ఒగరు పదార్థాలకూ ఇనుముకూ పొసగక నల్లని చారలు దిగుతాయి. వేడి జింకులో ముంచిన మేకుగాని, సముద్రతీరమైతే స్టెయిన్‌లెస్ స్టీలు మేకుగాని వాడాలి. పెంకుకూ గోడకూ నడుమ గాలి ఆడే సందు ఉంచడం అన్నిటికంటె ముఖ్యం. ఇంకొక మాట. ఈ చెక్కను కోసేటప్పుడు లేచే పొట్టులోని ప్లికాటిక్ ఆమ్లం వల్ల కోతమిల్లుల పనివారికి ఉబ్బసం వస్తుందని వైద్యులు గుర్తించారు. మీ పెరట్లో పెంకు కోసే మనిషి ముక్కుకు మంచి ముసుగు ఉన్నదో లేదో చూడడం ఇంటివారి ధర్మం.

ఇంతవరకు ఇంటి లాభనష్టాలు. ఇక చెట్టు పక్షాన ఒక మాట. రెడ్ సీడార్ వెయ్యేళ్ళు దాటి బ్రతకగలదు. హైడా, కోస్ట్ సేలిష్ మొదలైన అక్కడి ఆదివాసులకు అది కల్పవృక్షం. పడవ, ఇల్లు, బట్ట, తాడు, పెట్టె అన్నీ దానితోనే. చెట్టును కూల్చకుండా నిలిచి ఉండగానే దాని పక్కనుండి పలక చీల్చుకొనే విద్య వారిది. ఆ మచ్చలతో ఇప్పటికీ బ్రతికి ఉన్న చెట్లున్నవి. బ్రిటిష్ కొలంబియా 1988లో దానిని తన రాష్ట్రవృక్షంగా ప్రకటించుకొన్నది. ఆ రాష్ట్రంలోనే వాంకూవర్ దీవిలో ఫెయిరీ క్రీక్ వద్ద ముసలి అడవిని కొట్టవద్దని 2020లో మొదలైన ఆందోళనలో 1100కు మించి అరెస్టులు జరిగాయి. ఇది చాలదన్నట్లు ఇటీవలి ఏళ్ళలో వేసవి కరవులకు వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలలో ఈ చెట్లు పైకొమ్మలనుండి ఎండుతున్నాయి.

ముడి లేని, చేవ నిండిన నీలిచీటీ పెంకు కావాలంటే ముదిరిన లావుపాటి చెట్టే కావాలి. నిన్న మొన్న నాటిన తోటలో అది సులభంగా దొరకదు. ఇక్కడే నా వాదానికి ఆయువుపట్టు ఉన్నది. మేలైన పెంకు వాడకపోతే ఇల్లు చెడుతుంది, మేలైన పెంకు వాడితే అడవి తరుగుతుంది. అలాంటప్పుడు ఆ చెక్కను ఎక్కువకాలం నిలిచే చోట, తక్కువగా వాడడమే న్యాయం. మూడువందల ఏళ్ళు ఎదిగిన చెట్టును ముప్ఫై ఏళ్ళ కప్పుగా మార్చి, నాచు పట్టించి, పీకి పారవేయడం న్యాయం కాదు. రఘువంశం రెండవ సర్గలో, ఒక ఏనుగు ఒళ్ళు రుద్దుకొని దేవదారు బెరడు లేపినందుకే పార్వతి తన బిడ్డకు దెబ్బ తగిలినట్లు దుఃఖించిందనీ, ఆ చెట్టుకు శివుడు సింహాన్ని కాపలా పెట్టాడనీ కాళిదాసు కల్పన. మన సీడార్ ఆ దేవదారు కాకపోవచ్చు. దానికి కాపలా సింహమూ లేదు. కొనేవాడి వివేకమే కాపలా.

కప్పో గోడో మార్చదలచినవారు పనివానిని పిలవకముందు తమను తాము నాలుగు ప్రశ్నలు వేసుకొందురు గాక. నా ఇంటిమీద ఆకాశం ఏమి కురిపిస్తుంది, తుంపరా, మంచా, నిప్పురవ్వలా? ఏటా దీనికి సేవ చేసే ఓపిక నాకున్నదా? కట్టమీది చీటీ ఏ రంగు? ఇంత చెక్క నిజంగా కావాలా, వీధివైపు ఒక గోడకు సరిపెట్టుకోవచ్చునా? ఈ నాలుగింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకొన్న తరువాత కూడా కప్పుకు సీడారే కావాలని తేలేవారు చాలా కొద్దిమంది ఉంటారని నా నమ్మకం. ఆ కొద్దిమందిలో మీరుంటే, మీ ప్రాంతపు వానా ఎండా, మీ కప్పు వయస్సూ చెప్పి నా వాదాన్ని ఖండించండి. ఖండనకూడా తెలుగులోనే ఉంటే మరింత సంతోషం.

స్వస్తి.